అగ్నిమాపకుల శ్వాస పరికరం

పొగ లేదా విషవాయువులు నిండిన చోట, ప్రాణవాయువు చాలని చోట పనిచేయవలసి వచ్చినపుడు అగ్నిమాపక సిబ్బంది వీపున కట్టుకొని తీసుకువెళ్ళే గాలి సాధనాన్ని శ్వాస పరికరం అంటారు. భారతదేశంలోని అగ్నిమాపక కేంద్రాలలో దీనిని వాడుకలో "బి.ఏ. సెట్టు" అని పిలుస్తారు. చుట్టూ ఉన్న గాలితో సంబంధం లేకుండా, మనిషి తనకు కావలసిన గాలిని తన వెంటే మోసుకుపోవటం దీని ప్రత్యేకత. "ఆక్సిజన్ మాస్కులు ధరించిన అగ్నిమాపక సిబ్బంది" అని వార్తాపత్రికలలో తరచు కనబడుతుంది కానీ అది సరైన వర్ణన కాదు. సాధారణంగా వాడే పరికరపు సిలిండరులో ఉండేది స్వచ్ఛమైన ప్రాణవాయువు కాదు. మనం రోజూ పీల్చే గాలినే వడపోసి, తేమ తీసివేసి, అధిక పీడనంతో అందులో నింపుతారు.

ఈ పరికరం ప్రాణం కాపాడుతుంది, కానీ అందుకు మూల్యం కూడా తీసుకుంటుంది. దానిని ధరించి మెట్లెక్కినా, నీటి గొట్టం లాగినా, మనిషిని మోసినా, మామూలుగా ఊపిరి పీల్చటానికి పట్టే శ్రమకంటే ఎక్కువ శ్రమ ఊపిరి కోసమే పడవలసి వస్తుంది. శరీరపు గరిష్ఠ సామర్థ్యం సుమారు ఆరవ వంతు తగ్గుతుంది. సిలిండరు ఎంతసేపు వస్తుందన్నది కూడా దానిమీద వ్రాసిన నిమిషాలను బట్టి కాక, ధరించిన వ్యక్తి శ్వాసను బట్టి నిర్ణయమవుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఈ విషయాలను గురించినది.

పరికర నిర్మాణం

పరికరంలో ప్రధానంగా ఒక సిలిండరు, దానిని వీపున నిలిపే పలక మరియు పట్టీలు, పీడనం తగ్గించే సాధనం, పీడన మాపకం, ముఖమంతా కప్పే మాస్కు, మాస్కుకు అమర్చిన డిమాండ్ వాల్వు ఉంటాయి. పాత పరికరాలలో ఉక్కు సిలిండర్లు ఉండేవి. ఇవి ఎక్కువగా 6 లీటర్ల నీటి పరిమాణం, 200 బార్ల పీడనం కలవి. ఇప్పుడు అల్యూమినియం తొడుగుపై కార్బన్ నారను చుట్టి తయారుచేసిన 6.8 లీటర్ల, 300 బార్ల సిలిండర్లు విరివిగా వాడుకలో ఉన్నాయి. ఉక్కు సిలిండరుతో పరికరం 15 కిలోలకు పైబడి తూగేది. కార్బన్ నార వచ్చాక ఇది 10 నుండి 12 కిలోలకు తగ్గింది. మంటను తట్టుకొనే దుస్తులు, శిరస్త్రాణం, బూట్లు కలుపుకుంటే మొత్తం బరువు 20 నుండి 25 కిలోల వరకు ఉంటుంది. భారతదేశంలో ఈ పరికరాలకు ఐ.ఎస్. 10245 అనే ప్రమాణం ఉన్నది.

సిలిండరులోని గాలి రెండు మెట్లలో పీడనం తగ్గుతూ ముఖానికి చేరుతుంది. మొదటి మెట్టులో 300 బార్లనుండి కొద్ది బార్లకు, రెండవ మెట్టులో, అనగా డిమాండ్ వాల్వులో, ఊపిరికి అనువైన పీడనానికి వస్తుంది. ధరించినవారు గాలి పీల్చినపుడు మాత్రమే వాల్వు తెరుచుకుంటుంది. ఆధునిక పరికరాలలో మాస్కు లోపలి పీడనం ఎల్లప్పుడూ బయటికంటే 3, 4 మిల్లీబార్లు ఎక్కువగా ఉండేట్లు ఏర్పాటు ఉంటుంది. అందువలన మాస్కు అంచు కొద్దిగా లేచినా లోపలి గాలి బయటికి పోతుందే కానీ బయటి పొగ లోపలికి రాదు. ఈ ఏర్పాటు ఎంత మేలు చేస్తుందో, శ్వాసకు అంత ఇబ్బంది కూడా తెస్తుంది. దాని గురించి కింద చూడవచ్చు.

చరిత్ర

ఊపిరికి గాలిని వెంట తీసుకుపోవాలన్న ఆలోచన మొదట గనులలో పుట్టింది. 18వ శతాబ్దం చివరలో ప్రష్యా ప్రభుత్వపు గనుల అధికారిగా పనిచేసిన అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఇటువంటి సాధనం కోసం ప్రయత్నించాడు. 1870ల చివరలో ఇంగ్లండుకు చెందిన హెన్రీ ఫ్లూస్, వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును రసాయనంతో తొలగించి, ప్రాణవాయువు కలిపి, అదే గాలిని తిరిగి పీల్చుకొనే పరికరాన్ని తయారుచేశాడు. 1906 మార్చి 10న ఫ్రాన్సులోని కూరియేర్ బొగ్గు గనిలో జరిగిన విస్ఫోటనంలో 1,099 మంది మరణించారు. ఆ దుర్ఘటన తరువాత ఐరోపా అంతటా గని రక్షక దళాలకు శ్వాస పరికరాల అవసరం స్పష్టమైంది. గాలి నింపిన సిలిండరుతో అగ్నిమాపకుల కోసం తయారైన పరికరం 1945లో అమెరికాలో స్కాట్ సంస్థ నుండి వచ్చింది. విమాన చోదకులకు ప్రాణవాయువును అందించే సాధనాల అనుభవం దానికి తోడ్పడింది. 1971లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తేలికైన పరికరం కోసం పథకం చేపట్టి, బరువును సుమారు మూడవ వంతు తగ్గించగలిగింది. బరువు వలన అలసిపోయిన అగ్నిమాపకులు పరికరాన్ని వాహనంలోనే వదిలి పొగలోకి వెళ్ళటం ఆ పథకానికి ఒక కారణం.

శ్రమ చేసేటప్పుడు శ్వాసక్రియ

విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుండి 16 సార్లు, ఒక్కోసారి సుమారు అర లీటరు చొప్పున గాలి పీలుస్తారు. అనగా నిమిషానికి 6 నుండి 8 లీటర్లు. వేగంగా నడిస్తే ఇది 30, 40 లీటర్లకు చేరుతుంది. బరువుతో మెట్లెక్కటం వంటి తీవ్రమైన పనిలో 80 నుండి 100 లీటర్లు, దృఢకాయులలో ఇంకా ఎక్కువ కూడా కావచ్చు.

విశ్రాంతిలో గాలి పీల్చటానికి మాత్రమే కండరాలు పనిచేస్తాయి. ఉదరవితానం కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి, గాలి లోపలికి వస్తుంది. వదలటానికి ప్రత్యేకంగా శ్రమ అక్కరలేదు. సాగిన ఊపిరితిత్తులు తమంతట తామే ముడుచుకుంటాయి. శ్రమ పెరిగినపుడు ఇది చాలదు. పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు బిగిసి గాలిని బయటికి నెట్టవలసి వస్తుంది. ఊపిరితిత్తి అనే మాటలోని "తిత్తి" కమ్మరి కొలిమికి గాలి కొట్టే తోలుతిత్తిని గుర్తుకు తెస్తుంది. నిప్పు పెరగాలంటే తిత్తిని త్వరగా నొక్కాలి, త్వరగా వదలాలి. ఆ రెండింటిలో ఏది అడ్డుకున్నా కొలిమి చల్లారుతుంది.

శ్వాస కండరాలకు కూడా రక్తం, ప్రాణవాయువు కావాలి. విశ్రాంతిలో శరీరం వాడుకొనే ప్రాణవాయువులో వీటి వాటా ఒకటి రెండు శాతం మాత్రమే. తీవ్రశ్రమలో ఇది పది శాతానికి, కొందరిలో అంతకు మించి చేరుతుంది. శ్వాస కండరాల పని పెరిగినపుడు కాళ్ళ కండరాలకు వెళ్ళే రక్తప్రవాహం తగ్గుతుందని 1997లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా చూపారు. అనగా ఊపిరి భారమైతే కాళ్ళు త్వరగా అలసిపోతాయి. పరికరం ధరించినవారు "కాళ్ళు పడిపోతున్నాయి" అని చెప్పటానికి కారణం వీపు మీది బరువు ఒక్కటే కాదన్న మాట.

పరికరం శ్వాసపై చూపే ప్రభావం

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, గాలి వదలటంలో కలిగే అడ్డు. మాస్కులో పీడనం బయటికంటే ఎక్కువగా ఉండాలి కనుక, గాలి బయటికి పోయే వాల్వును ఒక స్ప్రింగు మూసిపెట్టి ఉంచుతుంది. ధరించినవారు ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ స్ప్రింగును నెట్టి తెరవాలి. కూర్చొని ఉన్నపుడు ఇది తెలియదు. నిమిషానికి 20 లీటర్లు పీల్చేటప్పుడు కూడా పెద్దగా తెలియదు. శ్వాస 80, 100 లీటర్లకు చేరినపుడు మాత్రం నిమిషానికి 40 సార్లు, పొట్ట కండరాలతో బలంగా నెట్టవలసి వస్తుంది. గాలి ప్రవాహం వేగమయ్యేకొద్దీ సుడులు తిరుగుతుంది, సుడులు తిరిగేకొద్దీ అడ్డు ఇంకా పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపైతే అడ్డు రెట్టింపుతో ఆగదు. పూర్తిగా వదలక ముందే తరువాతి ఊపిరి పీల్చవలసిన అవసరం కలుగుతుంది. దాంతో ఊపిరితిత్తులలో మిగిలిపోయే గాలి పెరిగి, ఛాతీ కొంత ఉబ్బిన స్థితిలోనే పనిచేస్తుంది. ఉబ్బిన ఛాతీని మరింత ఉబ్బించటం కష్టం.

పీల్చటంలో అడ్డు ఇంతకంటే తక్కువ, ఎందుకంటే పీడనంతో వచ్చే గాలి కొంత సాయం చేస్తుంది. అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. నిమిషానికి 100 లీటర్లు అన్నది సగటు లెక్క. ఊపిరి సమప్రవాహం కాదు, అల వంటిది. పీల్చే క్షణంలో ప్రవాహపు శిఖరం సగటుకు మూడు రెట్లకు పైగా, అనగా నిమిషానికి 300 లీటర్ల వేగం వరకు ఉంటుంది. ఆ క్షణంలో వాల్వు అంత గాలి ఇవ్వలేకపోతే మాస్కు ముఖానికి అతుక్కుపోయినట్లనిపించి భయం కలుగుతుంది. అందుకనే అమెరికా ప్రమాణంలో పరికరాన్ని నిమిషానికి 40 లీటర్ల వద్దనే కాక 103 లీటర్ల వద్ద కూడా పరీక్షిస్తారు.

రెండవది మాస్కులోని వృథా స్థలం. మనం పీల్చే ప్రతి ఊపిరిలో సుమారు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, వాయునాళాల వరకే వచ్చి, రక్తంతో కలిసే వాయుగోణులకు చేరకుండానే తిరిగిపోతుంది. మాస్కు ఈ వృథాను పెంచుతుంది. వదిలిన ఊపిరిలో కొంత మాస్కులోనే నిలిచి మరల లోపలికి వస్తుంది. దీనిని తగ్గించటానికే పెద్ద మాస్కు లోపల ముక్కును, నోటిని మాత్రమే కప్పే చిన్న రబ్బరు మాస్కు ఉంటుంది. ఐరోపా ప్రమాణం ప్రకారం పీల్చే గాలిలో ఇలా తిరిగివచ్చే బొగ్గుపులుసు వాయువు ఒక శాతానికి మించరాదు.

ఉదాహరణకు మాస్కు వలన అదనంగా మరొక 150 మిల్లీలీటర్లు వృథా అవుతున్నవని అనుకుందాం. నిమిషానికి 30 సార్లు అర లీటరు చొప్పున పీల్చేవారికి మొత్తం 15 లీటర్లలో 9 లీటర్లు వృథా, 6 లీటర్లే ఉపయోగం. అదే 15 లీటర్లను నిమిషానికి 15 సార్లు ఒక లీటరు చొప్పున పీల్చేవారికి వృథా 4.5 లీటర్లు, ఉపయోగం 10.5 లీటర్లు. సిలిండరు నుండి ఖర్చయ్యేది ఇద్దరికీ సమానమే. భయపడి గబగబా పీల్చేవారికి గాలి ఉండి కూడా ఊపిరి చాలనట్లనిపించటానికి ఇదొక కారణం.

మూడవది బరువు, పట్టీల బిగింపు. భుజాల మీదుగా ఛాతీని చుట్టిన పట్టీలు పక్కటెముకలను పైకి లేవనీయవు. అందువలన చాలామంది తెలియకుండానే చిన్న ఊపిరులను ఎక్కువసార్లు తీస్తారు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఇది నష్టమే. బరువు వీలైనంత వరకు తుంటి మీద పడేట్లు నడుము పట్టీని ముందుగా బిగించి, తరువాత భుజపు పట్టీలను కొంచెం వదులు చేసుకోవాలని శిక్షకులు చెప్పేది ఇందుకే.

ఇక సిలిండరు గాలి పూర్తిగా పొడిగా ఉంటుంది. తేమ ఉంటే సిలిండరు తుప్పు పట్టవచ్చు, వ్యాకోచించి చల్లబడే చోట వాల్వులో మంచు గట్టవచ్చు కనుక తేమ తీసివేస్తారు. ఆ పొడిగాలిని తడిపే పని ముక్కు, గొంతు చేయాలి. గొంతు ఎండిపోవటం, పని ముగిశాక దగ్గు రావటం అందరికీ అనుభవమే.

వేడిమి వీటన్నిటినీ పెంచుతుంది. మందపాటి దుస్తులలో చెమట ఆరదు. శరీరపు ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ, పని పెరగకపోయినా గుండె వేగం, శ్వాస వేగం రెండూ పెరుగుతాయి. అమెరికాలో విధి నిర్వహణలో మరణించిన అగ్నిమాపకులలో దాదాపు 45 శాతం మంది గుండె జబ్బుతో మరణించారని 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. మంటకంటే, పొగకంటే కూడా ఇదే పెద్ద కారణం కావటం గమనార్హం.

పరిశోధనలు

శ్వాస పరికరంతో గరిష్ఠ శ్రమ సామర్థ్యం తగ్గుతుందని 1970లనుండి అమెరికా, ఫిన్లాండు దేశాల పరిశోధకులు చెబుతూ వచ్చారు. అయితే తగ్గుదలకు కారణం బరువా, మాస్కా అన్నది తేలలేదు. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో ఈవ్స్, జోన్స్, పీటర్సన్ అనే పరిశోధకులు 2000 తరువాతి సంవత్సరాలలో దీనిని విడదీసి చూశారు. అవే వ్యక్తులను వాల్వు మాత్రమే పెట్టి, బరువు మాత్రమే మోయించి, రెండూ కలిపి, ఏదీ లేకుండా శ్రమ చేయించి కొలిచారు. పూర్తి పరికరంతో గరిష్ఠ ప్రాణవాయు వినియోగం సుమారు 15 శాతం తగ్గింది. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం బరువుది కాక వాల్వుదేనని తేలింది. అగ్నిమాపక దుస్తులు కూడా కలిపితే తగ్గుదల సుమారు 17 శాతమని అదే విశ్వవిద్యాలయపు మరొక అధ్యయనం 2006లో తెలిపింది.

గాలికి బదులు ప్రాణవాయువు 40 శాతం ఉన్న మిశ్రమాన్ని ఇచ్చినపుడు ఈ లోటు కొంతమేరకు పూడింది. నత్రజనికి బదులు తేలికైన హీలియం కలిపినపుడు వాల్వు దాటే ప్రవాహం సులువై శ్వాస కండరాల పని తగ్గింది. గాలి సాంద్రత, వాల్వు అడ్డు కలిసి పనిచేస్తున్నాయనటానికి ఇది మంచి నిదర్శనం. అయితే ఈ మిశ్రమాలు ప్రయోగశాల దాటి అగ్నిమాపక కేంద్రాలలో సాధారణ వాడుకకు రాలేదు.

ఈ శాతాలను ఆచరణలో ఇలా అర్థం చేసుకోవచ్చు. అగ్నిమాపకునికి కిలో శరీర బరువుకు నిమిషానికి కనీసం 42 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వినియోగించే సామర్థ్యం ఉండాలని పలుచోట్ల నియమంగా పెట్టుకున్నారు. సరిగ్గా 42 ఉన్న వ్యక్తి పూర్తి దుస్తులతో, పరికరంతో 35 వద్దే ఆగిపోతాడు. మైదానంలో పరుగు పందెంలో నెగ్గిన యువకుడు పొగగదిలో నెగ్గుతాడన్న హామీ లేదు.

సిలిండరు ఎంతసేపు వస్తుంది

6.8 లీటర్ల సిలిండరును 300 బార్లకు నింపితే, గుణించగా 2,040 లీటర్లు రావాలి. కానీ అంత పీడనం వద్ద గాలి ఆదర్శ వాయు నియమాన్ని సరిగా పాటించదు కనుక వాస్తవంగా వచ్చేది సుమారు 1,850 లీటర్లు. తయారీదారులు నిమిషానికి 40 లీటర్ల వాడకం అనుకొని దీనిని 45 నిమిషాల సిలిండరు అంటారు. పీడనం సుమారు 55 బార్లకు తగ్గినపుడు ఈల మోగుతుంది. అప్పటికి మిగిలేది దాదాపు 370 లీటర్లు.

నిమిషానికి 40 లీటర్లు వాడేవారికి ఈల 37వ నిమిషంలో మోగుతుంది, తరువాత 9 నిమిషాల గాలి మిగులుతుంది. 60 లీటర్లు వాడేవారికి 25వ నిమిషానికి ముందే మోగుతుంది, మిగిలేది 6 నిమిషాలు. 100 లీటర్లు వాడేవారికి 15 నిమిషాలలోపే మోగుతుంది, మిగిలేది నాలుగు నిమిషాలకు తక్కువ. ఒకే సిలిండరు, ఒకే ఈల, మూడు వేరువేరు గడువులు. అందువలన ఈలను బయలుదేరటానికి సూచనగా కాక, అప్పటికి బయట ఉండవలసిన గుర్తుగా భావించాలి. ఇద్దరు కలిసి లోపలికి వెళ్ళినపుడు ఎవరి సిలిండరులో గాలి తక్కువ ఉంటే వారి లెక్కే ఇద్దరికీ వర్తిస్తుంది.

ఈ నియమం ఒక దుర్ఘటన నుండి వచ్చింది. 1958 జనవరి 23న లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్ మాంసపు బజారు నేలమాళిగలో మంటలు చెలరేగాయి. ఆ నేలమాళిగ శీతల గిడ్డంగుల చిక్కుదారులతో నిండి ఉండేది. ప్రాణవాయు పరికరాలతో దిగిన ఇద్దరు అగ్నిమాపకులు దారి తప్పి, ప్రాణవాయువు అయిపోయి మరణించారు. ఎవరు ఎప్పుడు దిగారో, ఎవరికి ఎంత నిల్వ ఉన్నదో పైన ఉన్నవారికి సరైన లెక్క లేదు. ఆ తరువాత బ్రిటన్‌లో ప్రతి పరికరానికి పేరు బిళ్ళ, ప్రవేశం వద్ద సమయం లెక్కించే పలక, నిల్వ తగ్గినపుడు మోగే హెచ్చరిక అమలులోకి వచ్చాయి. ఇతర దేశాలలో ఇప్పుడున్న పద్ధతులకు కూడా అటువంటి పలకే ఆధారం.

తెలుగు నేలపై భూగర్భపు పొగ ఎంత దుర్భేద్యమో 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో కనబడింది. కృష్ణానదికి తెలంగాణ వైపున, కొండలోపల నిర్మించిన ఆ కేంద్రంలో మంటలు లేచి 9 మంది మరణించారు. సొరంగ మార్గమంతా దట్టంగా పొగ అలుముకొనటంతో రక్షణ బృందాలు వెంటనే లోపలికి చేరలేకపోయాయి. మృతదేహాలు మరునాడు దొరికాయి. మేడలో అయితే కిటికీ పగులగొట్టి పొగను వదిలించవచ్చు. కొండలోపల ఆ వీలు లేదు, పొగ పోయే దారీ మనిషి వెళ్ళే దారీ తరచు ఒకటే అవుతాయి.

మూసిన వలయపు పరికరాలు

సొరంగాలు, గనులలో గంటల తరబడి పని ఉంటుంది కనుక గాలి సిలిండరు చాలదు. అక్కడ ఫ్లూస్ పద్ధతి ప్రకారం వదిలిన ఊపిరినే శుద్ధిచేసి వాడుకొనే పరికరాలు ఉపయోగపడతాయి. సింగరేణి వంటి బొగ్గు గనుల రక్షక దళాలకు ఇటువంటి వాటిపైనే శిక్షణ ఉంటుంది. వీటిలో కొన్ని నాలుగు గంటల వరకు పనిచేస్తాయి. వీటికీ తమ ఇబ్బంది ఉన్నది. బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనే సున్నపు రసాయనం వేడెక్కుతుంది, పీల్చే గాలి కూడా వేడిగా, తేమగా వస్తుంది. చల్లబరచటానికి మంచు పెట్టుకొనే అర ఉంటుంది. ఒక పరికరంలో గాలి పొడి, మరొకదానిలో ఉక్క. ఊపిరికి పూర్తి సుఖమిచ్చే పరికరం ఇంతవరకు రాలేదు.

కొలిమిగుండ్ల పరిసరాలు

శ్వాస పరికరం ఎక్కువగా నగరాలకు సంబంధించిన సాధనమని తలుస్తారు. నంద్యాల జిల్లాలోని (2022 ఏప్రిల్ 4కు ముందు కర్నూలు జిల్లా) కొలిమిగుండ్ల మండలాన్ని చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. ఇది సున్నపురాతి నేల. ఈ ప్రాంతంలో నాపరాతి గనులు ఉన్నాయి. కలవటాల వద్ద 2022లో పెద్ద సిమెంటు కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. సిమెంటు తయారీలో బొగ్గు పొడి చేసే మరలు, ఎత్తైన గోతాలు, మూసిన గదులు ఉంటాయి. బొగ్గు పొడి రాజుకొన్నచోట కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. రంగు, వాసన లేని ఈ వాయువు ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. సమీప పట్టణమైన తాడిపత్రి వద్ద ఒక ఉక్కు కర్మాగారంలో 2018 జూలై 12న ఈ వాయువు వెలువడి ఆరుగురు కార్మికులు మరణించారు. ముక్కుకు కట్టుకొనే తువ్వాలు, దుమ్ముకోసం వాడే గుడ్డ మాస్కు ఈ వాయువును ఏమాత్రం ఆపవు.

రాయలసీమ రైతులకు ఊపిరి ఆడని చోటు కొత్త విషయం కాదు. జొన్నలు దాచే పాతరను తెరచిన వెంటనే అందులోకి దిగరు. గింజలు కూడా ఊపిరి పీలుస్తాయి. మూసిన పాతరలో ప్రాణవాయువును ఖర్చుచేసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. అందుకని పాతరను కొంతసేపు తెరచి ఉంచి, దీపం దించి చూసి, అది ఆరకపోతేనే మనిషి దిగటం పెద్దల పద్ధతి. పూడిక తీయటానికి పాత బావిలో దిగేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త తీసుకుంటారు. ఈ పద్ధతి తెలివైనదే కానీ దీపానికి తెలిసేది ప్రాణవాయువు లోటు మాత్రమే. కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకమైన మోతాదులో ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మండే వాయువులు ఉన్నచోట దీపం దించటమే ప్రమాదం. లోపల పడినవారిని చూసి మరొకరు పరికరం లేకుండా దిగటం వలన ఒక మరణం రెండు, మూడు మరణాలవుతాయి.

మండలంలోని బెలూం గుహలు ఈ వ్యాస విషయానికి మరొక విధంగా పనికివస్తాయి. తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించి వ్రాశాడు. 1982, 1983 సంవత్సరాలలో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వీటిని కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002నుండి సందర్శకులను అనుమతించిన భాగం సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. లోతైన చోటు అయిన పాతాళగంగ ప్రవేశ ద్వారం కంటే సుమారు 46 మీటర్లు కింద ఉన్నది. సందర్శకుల కోసం లోపలికి గొట్టాలద్వారా గాలిని పంపుతారు. అయినా లోపలి ఉక్కకు చెమటలు పట్టి, తిరిగి మెట్లెక్కేటప్పుడు ఆయాసపడటం వెళ్ళివచ్చినవారందరికీ తెలిసినదే.

అంత లోతునుండి పరికరంతో పైకి రావటానికి ఎంత గాలి కావాలో అంచనా వేయవచ్చు. 80 కిలోల మనిషి, 25 కిలోల సామగ్రి కలిపి 105 కిలోలు. దీనిని 46 మీటర్లు ఎత్తటానికి కావలసిన పని సుమారు 47 కిలోజౌళ్ళు. కండరాల దక్షత 20 నుండి 25 శాతమే కనుక శరీరం 190 నుండి 235 కిలోజౌళ్ళ శక్తిని ఖర్చుచేయాలి. ఒక లీటరు ప్రాణవాయువుకు సుమారు 20 కిలోజౌళ్ళు లభిస్తాయి. ఒక లీటరు ప్రాణవాయువును గ్రహించటానికి శ్రమలో సుమారు 25 లీటర్ల గాలి పీల్చాలి. అంటే కేవలం ఆ ఎత్తు ఎక్కటానికే ఇంచుమించు 240 నుండి 300 లీటర్ల గాలి ఖర్చవుతుంది. ఈల మోగిన తరువాత సిలిండరులో మిగిలే 370 లీటర్లలో మూడింట రెండు వంతులు, అంతకు పైగా ఇక్కడే అయిపోతాయి. అడ్డంగా నడిచే దూరం, వాల్వు వలన పెరిగే శ్రమ, వేడి, మోయవలసిన మనిషి ఈ లెక్కలో లేవు.

మేడ మీది మంటకు వెళ్ళినవారు పోయేటప్పుడు ఎక్కుతారు, అలసిపోయాక దిగుతారు. గుహకు, బావికి, నేలమాళిగకు వెళ్ళినవారు పోయేటప్పుడు దిగుతారు, అలసిపోయాక ఎక్కాలి. 300 బార్లలో 50 నిల్వకు తీసి, మిగిలినదానిని సగం చేసి, 175 బార్ల వద్ద వెనుదిరగాలన్న మామూలు లెక్క రెండవ సందర్భంలో సరిపోదు. ఇంకా ముందే వెనుదిరగాలి.

శిక్షణ మరియు జాగ్రత్తలు

భారతదేశంలో అగ్నిమాపక అధికారులకు శిక్షణనిచ్చే ప్రధాన సంస్థ నాగపూరులోని జాతీయ అగ్నిమాపక సేవా కళాశాల. 1956లో రాంపూరులో స్థాపించిన దీనిని 1957లో నాగపూరుకు మార్చారు. పొగ నింపిన చీకటి గదులలో పాకుతూ పనిచేయటం పరికర శిక్షణలో ముఖ్యమైన అంశం. దాని ప్రయోజనం ధైర్యం నేర్పటం మాత్రమే కాదు. ప్రతివారూ తాను నిమిషానికి ఎంత గాలి వాడతారో పీడన మాపకం చూసి తెలుసుకోవాలి. శ్రమకు ముందు, తరువాత పీడనాల తేడాను సిలిండరు పరిమాణంతో గుణించి, నిమిషాలతో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది.

మాస్కు అంచు చర్మానికి అంటుకొని ఉండాలి. గడ్డం ఉంటే అంటుకోదు. అధిక పీడనం వలన పొగ లోపలికి రాకపోయినా, గాలి నిరంతరం బయటికి కారిపోయి సిలిండరు త్వరగా ఖాళీ అవుతుంది. అంచుకు తగలని మీసానికి అభ్యంతరం లేదు, సీమవాసులు ఊరట చెందవచ్చు.

గాలి పొదుపుకు నిదానంగా, లోతుగా పీల్చి, ఇంకా నిదానంగా వదలటం మేలు. ప్రాణాయామం అలవాటున్నవారికి ఇది సులభంగా పట్టుబడుతుంది. అయితే కుంభకం, అనగా ఊపిరి బిగబట్టటం, ఇక్కడ పనికిరాదు. శ్రమ చేస్తూ ఊపిరి బిగబడితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి తలనొప్పి, మగత కలుగుతాయి. ఆ తరువాత ఆపుకోలేని ఆయాసం వచ్చి, పొదుపు చేసినదానికంటే ఎక్కువ గాలి ఖర్చవుతుంది. ఆయాసం హద్దు మీరినపుడు మాస్కు తీసివేయాలన్న కోరిక బలంగా కలుగుతుంది. గాలి అందటం లేదనే భావన వలన కలిగే కోరిక ఇది, సిలిండరులో గాలి ఉన్నపుడు కూడా కలుగుతుంది. అటువంటపుడు పని ఆపి, మోకాళ్ళమీద కూర్చొని, ఛాతీ పట్టీని వదులు చేసి, పది ఊపిరులు లెక్కపెట్టి, మాపకం చూసుకొని, జతవారికి చెప్పి బయటికి రావాలి.